గది కంటే ముందు మెట్లు చూడు

విశాఖపట్నం

చిన్నీ తల్లీ,

హాంగ్‌కాంగ్‌లో చదువుకునేటప్పుడు అద్దెకు ఉండటానికని నువ్వు పంపిన మూడు గదుల ఫోటోలూ రాత్రి భోజనాలయ్యాక నేనూ నాన్నా కూర్చుని చూశాం. ఫోన్‌లో చెబితే "సరే అమ్మా, సరే" అంటూ సగం దాటేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువు, అక్కడ దిగాక ఇంకోసారి చదువు.

మోంగ్ కోక్ పేట పేరు వినగానే నాన్నకు టెన్షన్ పట్టుకుంది. చదరపు కిలోమీటరుకు 1,30,000 మంది ఉంటారని ఎక్కడో చదివారట. పిల్ల ఆ జనంలో ఎలా ఉంటుందో అని ఒకటే బెంగ. నువ్వు పుట్టకముందు ఆయన షిప్పింగ్ ఆఫీసులో పనిచేసే రోజుల్లో మేం ఆ పక్కనే యౌ మా తేలో కాపురం ఉన్నాం. ఆయన పొద్దున వెళ్తే రాత్రికి గానీ వచ్చేవారు కాదు. ఆ వీధులన్నీ తిరిగింది నేను. ఆ జనాన్ని చూసి నాకు ఏనాడూ భయం వేయలేదు. రాత్రి పదకొండింటికి ఒక్కదాన్నే పాల ప్యాకెట్ కోసం కిందికి దిగినా నాథన్ రోడ్డు మీద అమ్మమ్మలు, స్కూలు పిల్లలు, ఆఫీసు నుంచి వచ్చేవాళ్లు కనిపించేవారు. మోంగ్ కోక్‌లో ఉంటానని నువ్వంటే నేను వద్దనను. ఏ భవనంలో, ఏ అంతస్తులో, ఏ వైపు కిటికీ ఉన్న గదిలో ఉంటావన్నదే నా దిగులు.

అక్కడ ఒకే వీధిలో, ఒకే అద్దెకు, పక్కపక్క గుమ్మాల్లో రెండు రకాల బతుకులుంటాయి. ఒక గుమ్మంలోకి వెళ్తే వాచ్‌మన్ బల్ల, వెలుగున్న మెట్లు, పనిచేసే లిఫ్టు. పక్క గుమ్మంలో నీళ్లు కారే గొట్టాలు, చీకటి, మలుపు మలుపుకీ ఎవరిదో పాత పరుపు. ఫోటోల్లో మాత్రం రెండు చోట్లా అదే తెల్లటి గోడ, అదే మంచం. అందుకే ముందు మెట్లు చూడు. గది ఆఖర్న చూడొచ్చు.

మెట్లు చూడమంటే ఏం చూడాలో కూడా చెబుతాను. లిఫ్టు ఉన్నా సరే, మొదటిసారి నడిచే ఎక్కు. ప్రతి అంతస్తులో మెట్లకూ వరండాకూ మధ్య బరువైన తలుపు ఒకటి ఉంటుంది. మంటలు వచ్చినప్పుడు పొగను ఆపేది అదే కాబట్టి ఎప్పుడూ మూసి ఉండాలి. చాలా చోట్ల గాలి రావాలని దాని కింద చెక్కముక్క దోపి తెరిచిపెడతారు. రెండో మెట్ల దారి ఉందా, ఉంటే దానికి సైకిళ్లూ అట్టపెట్టెలూ అడ్డం పెట్టారా, పైన డాబా తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందా అన్నవి చూడు. కింద ఉత్తరాల డబ్బాలూ కరెంటు మీటర్లూ కూడా చూడు. ఒక్క ఫ్లాటు నంబరు కింద ఏ, బీ, సీ, డీ అని నాలుగైదు డబ్బాలో, గోడకు వరసగా చిన్న చిన్న మీటర్లో కనిపిస్తే ఆ ఫ్లాటును ముక్కలుగా కోసి అద్దెకిచ్చారని అర్థం. నువ్వు పంపిన సాయ్ యంగ్ చోయ్ స్ట్రీట్ గది నాకు అలాంటిదిగానే కనిపిస్తోంది. మూడో ఫోటో పెద్దది చేసి చూడు, బాత్‌రూమ్ నేల గది నేల కంటే ఒక మెట్టు ఎత్తులో ఉంది. కొత్తగా వేసిన గొట్టాలను దాచడానికి అలా ఎత్తు చేస్తారు.

మంటల గురించి ఇంత చెబుతున్నానంటే నిన్ను భయపెట్టాలని కాదు. అక్కడ జరిగినవి నా మనసులోంచి పోవు. 1996 నవంబరులో మా ఇంటికి దగ్గర్లోనే, నాథన్ రోడ్డు మీద గార్లే బిల్డింగ్ తగలబడి 41 మంది పోయారు. 2011 నవంబరులో మోంగ్ కోక్ ఫా యుయెన్ స్ట్రీట్‌లో రోడ్డు మీది దుకాణాలు అంటుకుని, ఆ పొగ పక్క భవనాల్లోకి ఎక్కి 9 మంది చనిపోయారు. 2024 ఏప్రిల్‌లో, యౌ మా తే పక్కనే జోర్డాన్ అనే పేటలోని న్యూ లక్కీ హౌస్‌లో ఐదుగురు. గెస్ట్‌హౌస్‌లూ ముక్కల గదులూ ఉన్న 1964 నాటి భవనం అది. ఫైర్ సేఫ్టీ పనులు చేయించాలని 2008లోనే ఆదేశాలు ఇచ్చినా పూర్తి కాలేదు. 2025 నవంబరులో తాయ్ పోలో వాంగ్ ఫుక్ కోర్ట్ అనే అపార్ట్‌మెంట్ల సముదాయం ఎలా కాలిందో నువ్వూ టీవీలో చూశావు. మరమ్మతుల కోసం కట్టిన పరంజా వలలు, కిటికీలకు కప్పిన థర్మోకోల్ పలకలు మంటను టవర్ నుంచి టవర్‌కు మోసుకుపోయాయి. కాబట్టి వెదురు పరంజా కట్టి వల కప్పిన భవనమైతే, పని అయ్యేదాకా అద్దె ఎంత తగ్గించినా దాని జోలికి వెళ్లకు.

ఆ భవనాన్ని చూసుకునే దిక్కు ఎవరన్నది కూడా అడుగు. ఓనర్ల సంఘమూ లేక, అక్కడ ఉండేవాళ్ల సంఘమూ లేక, మేనేజ్‌మెంట్ కంపెనీ కూడా లేని భవనాలను అక్కడ "మూడూ లేని భవనాలు" అంటారు. మోంగ్ కోక్, యౌ మా తే పాత వీధుల్లో ఇవి చాలానే ఉన్నాయి. బల్బు పోతే మార్చే నాథుడుండడు. మేమున్న చోట కింద ఒక ముసలి వాచ్‌మన్ ఉండేవాడు. బనీను, పేపరు, చిన్న టేబుల్ ఫ్యాను, అంతే అతని ఆఫీసు. నాకు కాంటనీస్ రాదు, అతనికి ఇంగ్లీషు రాదు. అయినా నా వెనకాల తెలియనివాడు ఎవడైనా లిఫ్టు ఎక్కబోతే పేపరు దించి, వాడు ఏ ఫ్లాటుకు వెళ్తున్నాడో అడిగి గానీ వదిలేవాడు కాదు. అలాంటి మనిషి ఉన్న భవనానికి నెలకు కొన్ని వందల డాలర్లు ఎక్కువైనా ఇద్దాం. నాన్నతో నేను మాట్లాడతాను.

ఇక వీధుల సంగతి. రెండో గది రిక్లమేషన్ స్ట్రీట్‌లో పండ్ల మార్కెట్‌కు దగ్గర కదా, పగటి పూట చూస్తే నీకు తెగ నచ్చుతుంది. 1913 నుంచి ఉన్న మార్కెట్, పాత రాతి కట్టడాలు, పైన చైనా అక్షరాలు. కానీ దాని పని మొదలయ్యేదే అర్ధరాత్రి దాటాక. లారీలు వస్తాయి, ఇనప చక్రాల బళ్లు రోడ్డు మీద గడగడలాడతాయి, పెట్టెలు దబదబా కింద పడతాయి, తెల్లారేదాకా అరుపులే. మేం అక్కడికి రెండు వీధుల అవతల ఉన్నా వేసవిలో కిటికీ తెరిస్తే వినిపించేది. పరీక్షల ముందు నిద్ర లేకపోతే నీకు తలనొప్పి వస్తుంది, నాకు తెలుసు. ఆ గది వద్దు.

తుంగ్ చోయ్ స్ట్రీట్‌లో లేడీస్ మార్కెట్ ఉన్న ముక్క కూడా వద్దు. రోజూ రాత్రి దుకాణాలు ఎత్తేసే చప్పుడు ఉంటుంది. ఆర్గైల్ స్ట్రీట్ మీదైతే ఎర్ర మినీబస్సులు తెల్లవార్లూ తిరుగుతాయి. పోర్ట్‌లాండ్ స్ట్రీట్ పక్క పాత మెట్ల భవనాల్లో కొన్నింట్లో ఒళ్లమ్ముకునే వ్యాపారం నడుస్తుంది. వాళ్లు నిన్నేమీ చేయరు గానీ, తప్పు తలుపు కొట్టే మగవాళ్లతో రాత్రిపూట నీకు చికాకు. కింద గుమ్మం దగ్గర గులాబీ రంగు లైటు, రేట్ల బోర్డు కనిపిస్తే ఏజెంటు ఏం చెప్పినా వెనక్కి తిరుగు.

అదే ప్రిన్స్ ఎడ్వర్డ్ స్టేషన్ వైపు, పూల మార్కెట్ దాకా వెళ్తే ఊరే మారిపోతుంది. మోంగ్ కోక్ అంచే అది. పొద్దున్నే బక్కెట్లలో లిల్లీలు, గ్లాడియోలస్‌లు దించుతుంటారు, యుయెన్ పో స్ట్రీట్‌లో పక్షుల తోట, చుట్టూ చెట్లు. చీకటిపడ్డాక జనం పలచబడతారు గానీ వీధి ఖాళీ అవదు. అక్కడి నుంచి మోంగ్ కోక్ ఈస్ట్ స్టేషన్‌కు నడిచి వెళ్లొచ్చు, ఈస్ట్ రైల్ లైను ఎక్కితే తర్వాతి స్టేషనే మీ క్యాంపస్ ఉన్న హుంగ్ హోమ్. ఇద్దరమ్మాయిలతో కలిసి ఫ్లాటు అన్నావే, మూడోది, అది అక్కడే కదా. నాకు అదే నచ్చింది. నీ గది చిన్నదే. అయినా వంటగదికి వేరే తలుపుంది, వంటగదిలోనే కమోడ్ పెట్టిన కొంప కాదది. ఒక్కటే అడిగి తెలుసుకో. పూల మార్కెట్, సాయ్ యీ స్ట్రీట్ చుట్టూ పాత భవనాలు కూల్చి మళ్లీ కట్టించే అర్బన్ రెన్యువల్ అథారిటీ వాళ్లు 2024 మార్చిలో పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఆ భవనం దాని కిందికి వస్తే మధ్యలో ఖాళీ చేయాల్సి రావచ్చు.

ఎన్ని అడుగులని అడిగినప్పుడు "సేలబుల్ ఏరియా" ఎంతో చెప్పమను. అది కాని లెక్కల్లో లిఫ్టు, వరండా వాటాలు కలిపి చెబుతారు, 200 అడుగులన్నది లోపలికి వెళ్తే 140 అవుతుంది. మెట్ల భవనమైతే మూడో అంతస్తుకు మించి వద్దు. మన లెక్కే, కిందది గ్రౌండ్ ఫ్లోర్. చెమట పట్టే ఆ జూలై ఎండల్లో బియ్యం మూట మోసుకుని ఎక్కేది నువ్వే. కిటికీ తెరిచి చూడు. అవతల చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఇంకో గోడ ఉంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ తేమకు బట్టలు, పుస్తకాలు, చెప్పులు అన్నీ బూజు పడతాయి.

ముక్కల గదే తీసుకోవాల్సి వస్తే చట్టం నీ వైపు కొంత ఉంది, తెలుసుకో. 2022 జనవరి 22 నుంచి అలాంటి గదులకు రెండేళ్ల ఒప్పందం ఇవ్వాలి, ఆ రెండేళ్లూ అద్దె పెంచకూడదు. రెండోసారి రాసుకునేటప్పుడు కూడా 10 శాతానికి మించి పెంచకూడదు. అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదు. మొదటి ఏడాది అయ్యాక నువ్వు 30 రోజుల ముందు చెప్పి ఖాళీ చేయొచ్చు. కరెంటుకూ నీళ్లకూ అసలు బిల్లులో నీ వాటా కన్నా ఎక్కువ వసూలు చేయకూడదు, కాబట్టి బిల్లు చూపించమని అడుగు. 2025లో చేసిన ఇంకో చట్టం ప్రకారం ముక్కల గది కనీసం 8 చదరపు మీటర్లుండాలి, కిటికీ ఉండాలి. కిటికీ లేని గదిని ఎవరు ఎంత అందంగా చూపించినా నా కూతురు ఉండే గది కాదు.

ఇండియన్ అనగానే "కూర వాసన" అని ఫోన్ పెట్టేసే ఓనర్లుంటారు. మాకూ జరిగింది. జాతి వివక్షకు వ్యతిరేకంగా అక్కడ 2008లో చట్టం చేశారు, ఈక్వల్ ఆపర్చునిటీస్ కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. చేయాలనిపిస్తే చెయ్యి, నేను నీ వెంట ఉంటాను. ఒకవేళ గదుల వేటలో టైం లేక వదిలేసినా పర్వాలేదు, ఎవడో అన్నమాటకు రాత్రంతా ఏడవకు. ఏజెంటుకు మొదటే చెప్పు, ఇండియన్ స్టూడెంట్‌ని, వంట చేసుకుంటాను అని. నీ టైం మిగులుతుంది. పోపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, గది తలుపు మూసుకో.

మొదటి రెండు వారాలకు గెస్ట్‌హౌస్ కావాలి కదా. 28 రోజుల కన్నా తక్కువకు గది ఇవ్వాలంటే అక్కడ లైసెన్సు ఉండాలి, గుమ్మం దగ్గర ఆ గుర్తు అంటించి ఉంటుంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లైసెన్సు ఉన్నవాటి జాబితా ఉంటుంది, నాన్న చూస్తున్నారు. ఆయన మనవాళ్ల షాపులూ గెస్ట్‌హౌస్‌లూ ఉన్న చుంగ్‌కింగ్ మాన్షన్స్ అంటారేమో, నువ్వు వద్దని చెప్పు. అది నాకు ఇష్టం లేక కాదు. కందిపప్పుకూ ఇంగువకూ నేను వారం వారం వెళ్లేదాన్ని, అక్కడి షాపులవాళ్లు నన్ను చెల్లీ అని పిలిచేవారు. కానీ 1961లో కట్టిన 17 అంతస్తుల భవనం, ఐదు బ్లాకులు, ఒక్కో బ్లాకుకు రెండే చిన్న లిఫ్టులు. పెద్ద సూట్‌కేసుతో ఆ క్యూలో నిలబడి, రోజూ గదులు చూడ్డానికి దిగుతూ ఎక్కుతూ ఉండటం కష్టం. జోర్డాన్ వైపో, ప్రిన్స్ ఎడ్వర్డ్ వైపో చూడమన్నాను.

డబ్బు విషయం గట్టిగా చెబుతున్నాను. కంటితో చూడకుండా ఒక్క డాలరు కూడా పంపకు. "ఇంకో అమ్మాయి కూడా అడుగుతోంది, ఈ రోజే బుక్ చేసుకో" అంటే చేసుకోనివ్వు. ఏజెంటు లైసెన్సు అడుగు. ఒప్పందం రాసేముందు ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్దిపాటి ఫీజు కడితే ఓనర్ పేరు తెలుస్తుంది, సంతకం పెట్టేవాడి ఐడీ కార్డు పేరు దానితో సరిచూడు. ఏజెంటు కమీషన్ మామూలుగా నీ వైపు నుంచి సగం నెల అద్దె ఉంటుంది.

ఈలోగా ఆ సాయ్ యంగ్ చోయ్ స్ట్రీట్ ఏజెంటుకు నువ్వు చూశాకే మాట్లాడతానని చెప్పేయ్. ప్రిన్స్ ఎడ్వర్డ్ అమ్మాయిలకు మాత్రం ఈ రోజే మెసేజ్ పెట్టు. నువ్వు దిగిన మర్నాడు ఇల్లు చూడ్డానికి రావచ్చా అని అడుగు, భవనానికి ఓనర్ల సంఘం ఉందో లేదో, లిఫ్టు ఎన్ని గంటలకు ఆపుతారో కనుక్కో. వెళ్లినప్పుడు కింద గుమ్మం దగ్గరే వీడియో కాల్ చెయ్యి. నేను ఫోన్ పక్కనే ఉంటాను, మెట్లెక్కుతూ నాకు అన్నీ చూపించు.

ప్రేమతో,
అమ్మ