కణ్వాశ్రమంలో కాకటూ

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ టీవీ పేజీలో ఒక పౌరాణిక సీరియల్‌ను మెచ్చుకుంటూ ‘ఆశ్రమ వాతావరణం కళ్లకు కట్టింది’ అని రాశారు. ఆ భాగం నేనూ చూశాను. శకుంతల భుజం మీద తెల్లటి పక్షి ఒకటి కూర్చుని ఉంది. సిడ్నీ నుంచి సెలవులకు వచ్చిన మా మనవరాలు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, “తాతయ్యా, ఇది మా బాల్కనీకి వచ్చే కాకటూ!” అంది.

ఆస్ట్రేలియాలో ఉండే ఈ తెల్ల చిలుక జాతి పక్షి నాకూ పాత పరిచయమే. అక్కడ ఉన్న మూడు నెలలూ పొద్దున్నే వచ్చి పిట్టగోడ మీద వాలేది. నా చేతిలోని బిస్కెట్టు చూసి, నెత్తి మీది పసుపు కుచ్చును విసనకర్రలా విప్పి ఒక్క కేక పెట్టేది. ఇస్తే ఎడమ కాలితోనే అందుకునేది. ఇవ్వకపోతే కిటికీ చెక్కను కొరికి పొట్టు చేసేది. (అలా తిండి పెట్టకూడదని కోడలు మందలించింది, అది వేరే సంగతి.)

కాకటూ దేశాలు తిరగలేదని నేననను. 13వ శతాబ్దంలోనే ఈజిప్టు సుల్తాను ఒకదాన్ని సిసిలీ ఏలిన చక్రవర్తి రెండో ఫ్రెడరిక్‌కు కానుకగా పంపాడు. ఆయన రాసిన డేగవేట గ్రంథం ప్రతి వాటికన్‌లో ఉంది, అందులో దాని బొమ్మలు నాలుగున్నాయి. ఆంగ్ల నావికుడు కెప్టెన్ కుక్ ఆస్ట్రేలియా తూర్పు తీరం చేరింది ఆ తర్వాతెప్పుడో 1770లో! కాబట్టి ఏ రెడ్డిరాజుల కథో అయితే నోరు మెదపను. కణ్వాశ్రమం ఉన్న మాలినీ నది తీరాన మాత్రం మింగుడుపడలేదు. పైగా వెనక కొమ్మ మీద రెండు ‘లవ్ బర్డ్స్’. మన అంగళ్లలో ఆ పేరుతో అమ్మే బడ్జీలనే చిన్న చిలుకలదీ ఆస్ట్రేలియానే.

రామచిలుకను పట్టి ఉంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కాబట్టి దొరికిన పక్షిని తెచ్చి ఉంటారు. కానీ కాళిదాసుకు చిలుకను చూపించే అవసరమే రాలేదు. చెట్ల కింద నివ్వరి (అడవి వరి) గింజలు రాలి ఉన్నాయి, పైన తొర్రల్లో చిలుకల నోళ్ల నుంచి జారినవి. వాటిని చూసే దుష్యంతుడు ఇది ఆశ్రమమని పోల్చుకున్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు ‘శాకుంతలం’లోని ఆ శ్లోకం చెప్పినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

నివ్వరి దొరకకపోతే గుప్పెడు వడ్లు చల్లినా చాలు. నిర్మాతలు అడిగితే మా గాదె నుంచి పంపుతాను.

— ఒక విశ్రాంత తెలుగు పండితుడు, అమలాపురం