బావగారి బాకీ తీరింది, మిగతా బాకీలకి ఈ నమస్కారం

అందరికీ నమస్కారం. కరోనాలో నా ఉద్యోగం పోయినప్పుడు మా బావగారు సర్దిన డబ్బు ఈ నెలతో పూర్తిగా తీర్చేశాను. వడ్డీ మాటెత్తితే కోప్పడ్డారు. అక్క అయితే అప్పు సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. వాళ్లిద్దరికీ నలుగురిలో థాంక్స్ చెప్పుకోవాలని ఈ పోస్టు. అయితే ఆ అప్పు తీర్చడానికి నా జీతం మళ్లీ మొదలవ్వాలి కదా, అది మొదలయ్యేలా చేసిన వాళ్లలో ముక్కూమొహం తెలియని వాళ్లే ఎక్కువ.

నేను మాల్దీవుల్లో ఒక రిసార్ట్‌లో స్టోర్ కీపర్‌ని. 2020 మార్చి ఆఖర్లో అక్కడ టూరిస్టుల రాక ఆపేశారు. టూరిజం మీద బతికే దేశం అది. ఆ ఏడాది వాళ్ల జీడీపీ మూడో వంతు పడిపోయింది. మే నెలలో నేవీ ఓడ జలాశ్వ అక్కడి రాజధాని మాలే నుంచి 698 మందిని కొచ్చికి తీసుకొచ్చింది, అందులో నేనూ ఉన్నాను. ఆ టెన్షన్‌లో ఓడలో వాళ్లకి సరిగ్గా నమస్కారం కూడా పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను.

2021 జనవరి 20న మన దేశం మాల్దీవులకి పుణెలో తయారైన కోవిషీల్డ్ టీకా లక్ష డోసులు ఉచితంగా పంపింది, ఫిబ్రవరిలో ఇంకో లక్ష. వాళ్లు ఆ టీకాలు సొంత జనానికే దాచుకోలేదు. పని కోసం వచ్చిన విదేశీయులకీ, కాగితాలు లేని కూలీలకి కూడా, పైసా తీసుకోకుండా వేశారు. నేను తిరిగి అక్కడ పనిలో చేరాక, నా వంతు వచ్చినప్పుడు నర్సమ్మ సీసా నా వైపు తిప్పి లేబుల్ మీద పుణె పేరు చూపించి, "మీ ఊరిదే" అని నవ్వింది. పుణె మా ఊరికి ఎంత దూరమో ఆవిడకేం తెలుసు! ఆవిడ పేరు అడగాలని నాకూ తోచలేదు.

స్టాఫ్ అందరికీ టీకాలు అయ్యాయని రిసార్టులు గొప్పగా ప్రకటించుకున్నాయి, బుకింగులు పెరిగాయి. ఆ మార్పు నేను స్టోర్‌లో కళ్లారా చూశాను. నేను తిరిగి చేరిన కొత్తలో సరుకులు తెచ్చే పడవ (అక్కడ ధోనీ అంటారు) సగం ఖాళీగా వచ్చేది. ఆ ఏడాది చివరికి గుడ్ల ట్రేలకి చోటు చాలక నడవలో పేర్చాం. ఆ గుడ్లు తమిళనాడు నామక్కల్‌వి, ఉల్లిపాయలూ మన దేశానివే. 2020లో ఐదున్నర లక్షలున్న టూరిస్టులు 2021లో 13 లక్షలు దాటారు, వాళ్లలో అందరికంటే ఎక్కువ మంది మనవాళ్లే. ఉచితంగా ఇచ్చామన్న టీకా గుడ్ల ఆర్డరుగా, విమాన టికెట్లుగా, నేను ఇంటికి పంపే డబ్బుగా ఎంత వెనక్కి వచ్చిందో ఎవరైనా లెక్క కట్టాలి.

పెద్ద లెక్కలు కట్టినవాళ్లు ఉన్నారు లెండి. పేద దేశాలకి టీకా అందకపోతే ప్రపంచానికి 9.2 లక్షల కోట్ల డాలర్ల దాకా నష్టం రావచ్చని, అందులో సగం దాకా ధనిక దేశాల నెత్తినే పడొచ్చని అంతర్జాతీయ వాణిజ్య మండలి చేయించిన అధ్యయనం 2021 జనవరిలోనే చెప్పింది. కొనేవాడు మంచాన పడితే అమ్మేవాడికి బేరం ఉండదు, అంతే.

ఆ వేసవిలో మా పిన్ని పీహెచ్‌సీ ముందు ఎండలో టోకెన్ కోసం నిలబడి, "మనకే లేవు, మీ దీవులకి పంచారా?" అని ఫోన్‌లో నన్ను కడిగేసింది. ఆవిడ కోపం న్యాయమే. కానీ పిన్నీ, ఆ రెండు లక్షల డోసులు మన దేశంలో ఒక్క పూటకి కూడా చాలవు, అక్కడ మాత్రం ఒక దేశాన్ని నిలబెట్టాయి. ఆ తర్వాత మన టీకా ఎగుమతులు ఆగినప్పుడు, పేద దేశాలకి టీకాలు అందించే అంతర్జాతీయ పథకం కోవాక్స్ మీద ఆశ పెట్టుకున్న ఆఫ్రికా దేశాలు నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. వాళ్లకి నాలాగా కలిసి రాలేదు.

కాబట్టి పుణెలో ఆ సీసాలు నింపిన కార్మికులకి, పన్నులు కట్టిన మీ అందరికీ, క్యూలో నిలబడి నన్ను తిట్టిన పిన్నికి కూడా కృతజ్ఞతలు. "నంబరు మార్చకు, మళ్లీ పిలుస్తాం" అని చెప్పి, అన్నమాట ప్రకారం పిలిచిన మా హెచ్‌ఆర్ మేడమ్‌ది త్రిశూర్, తెలుగు రాదు. మలయాళం తెలిసినవాళ్లు ఎవరైనా నాలుగు ముక్కలు రాసిపెడితే ఆవిడకి పంపుతాను.