65 ఏళ్లు నిండేలోగా మెడికేర్ సంగతి తెలియజేయాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

అమెరికాలో సొంత వ్యాపారాలు, కాంట్రాక్టు పనులు చేసుకుంటూ, ప్రభుత్వం ఏర్పాటు చేసిన బీమా విక్రయ వేదిక మార్కెట్‌ప్లేస్‌లో వ్యక్తిగత వైద్య బీమా కొనుక్కునే తెలుగువారు చాలామంది ఇప్పుడు 65 ఏళ్లకు చేరువవుతున్నారు. ఆ వయసు రాగానే, పెద్దలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా అయిన మెడికేర్ దానంతట అదే మొదలవుతుందని వీరిలో ఎందరో నమ్ముతున్నారు. ఆదాయపు పన్ను రిటర్నులు తయారుచేసే వృత్తిలో ఉన్నందువల్ల ఆ నమ్మకం తెచ్చిపెట్టే నష్టాన్ని ఏటా చూస్తున్నాను.

అప్పటికే సోషల్ సెక్యూరిటీ పింఛను తీసుకుంటున్నవారిని ప్రభుత్వమే మెడికేర్‌లో చేరుస్తుంది. మెడికేర్ చట్టం వచ్చిన 1965లో పూర్తి పింఛను వయసు కూడా 65 ఏళ్లే. 1960లోనూ ఆ తరువాతా పుట్టినవారికి అది 67కు పెరిగింది కాబట్టి, పింఛను కోసం ఆగేవారు మెడికేర్‌కు తామే దరఖాస్తు చేసుకోవాలి. అందుకు 65 నిండే నెల, దానికి ముందు మూడు నెలలు, తరువాత మూడు నెలలు, మొత్తం ఏడు నెలల గడువు ఉంటుంది. ఉద్యోగంలో కొనసాగుతూ కంపెనీ బీమాలో ఉన్నవారికి ఆ తరువాత కూడా ప్రత్యేక అవకాశం ఉంది గాని, సొంతంగా బీమా కొనుక్కున్నవారికి లేదు. గడువు దాటితే జనవరి నుంచి మార్చి వరకు జరిగే నమోదు కోసం వేచి ఉండాలి. పైగా ఆలస్యమైన ప్రతి పూర్తి సంవత్సరానికీ పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్ల ఫీజులు భరించే భాగం) ప్రీమియం మీద 10 శాతం చొప్పున అదనపు భారం జీవితాంతం పడుతుంది. 2026లో ఆ ప్రీమియం నెలకు 202.90 డాలర్లు కాగా, రెండేళ్లు ఆలస్యం చేసినవారు నెలనెలా మరో 40 డాలర్ల దాకా కట్టాలి.

అంతకన్నా బాధ కలిగించేది సబ్సిడీ విషయం. పార్ట్ ఎ (ఆసుపత్రి ఖర్చులు భరించే భాగం) ఉచితంగా పొందే అర్హత రాగానే, మార్కెట్‌ప్లేస్ పాలసీ ప్రీమియం తగ్గించడానికి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీకి అర్హత పోతుంది. పాత పాలసీ మాత్రం మనం రద్దు చేసుకునేదాకా సాగుతూనే ఉండవచ్చు. అలా వాడుకున్న సబ్సిడీ సొమ్మును పన్ను రిటర్నులో తిరిగి కట్టవలసి వచ్చినప్పుడు, నిజాయితీగా బతికిన మనుషులు తప్పు చేసినవారిలా తలదించుకోవడం అన్యాయం.

బీమా కంపెనీకీ మార్కెట్‌ప్లేస్‌కీ ప్రతివారి పుట్టిన తేదీ తెలుసు. నమోదు గడువు, ఆలస్య రుసుము, సబ్సిడీ ఆగే నెల, ఈ మూడింటినీ ఒకే కాగితం మీద తేలిక మాటల్లో రాసి, ఆరు నెలల ముందే ఇంటికి పంపడాన్ని చట్టం తప్పనిసరి చేయాలి.

గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రుల లెక్క వేరు. సామాజిక భద్రతపై భారత్, అమెరికాల మధ్య ఒప్పందం లేనందున అక్కడ చేసిన ఉద్యోగం ఇక్కడ లెక్కకు రాదు. ఉచిత పార్ట్ ఎకు కావలసిన పదేళ్ల పని రికార్డు తమకు గాని, జీవిత భాగస్వామికి గాని లేనివారు, వరుసగా అయిదేళ్లు ఇక్కడ నివసించాక పార్ట్ ఎ కొనుక్కోవచ్చు. దాని పూర్తి ప్రీమియం నెలకు 500 డాలర్లు దాటుతుంది. అలా కొనుక్కోనంతవరకు, మిగతా అర్హతలుంటే, వీరికి మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ కొనసాగుతుంది. పిల్లలు ఈ తేడా తెలుసుకోకుండా పెద్దల పాలసీలు రద్దు చేయవద్దు.

తానా, ఆటా, నాట్స్ వంటి అమెరికా తెలుగు సంఘాలు తమ సభల్లో దీనికి ఒక గంట కేటాయించాలని కోరుతున్నాను. ప్రతి రాష్ట్రంలోనూ 'షిప్' పేరిట మెడికేర్ మీద ఉచితంగా సలహా ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. కమీషన్ కోసం పాలసీలు అమ్మే ఏజెంట్లకు బదులు ఆ సలహాదారులను వేదిక మీదకు పిలిచి, పక్కన తెలుగులో చెప్పేవారిని కూర్చోబెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎడిసన్, న్యూజెర్సీ