మంత్రిగారూ, ముందు మా ఇళ్లకు భరోసా, తర్వాత ఫ్లైఓవర్ కూల్చివేత

గౌరవనీయులైన పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

మా వీధి మీదుగా పోయే ఫ్లైఓవర్ హైవేకి వయసైపోయింది. రిపేర్లు చేసి ఇంకొన్నేళ్లు నడపాలా, తీసేసి ఆ జాగాలో పార్కు వేయాలా అన్నది ఇప్పుడు మీ ముందున్న ఫైలు. ఆ ఫ్లైఓవర్ పక్కనే, రెండో అంతస్తులో, 19 ఏళ్లుగా అద్దెకుంటున్నాను. దాన్ని తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాకపోతే తీసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అది జరక్కపోతే మాకు పార్కు వచ్చినా రానట్టే.

మా పడగ్గది కిటికీకి ఎదురుగా, చెయ్యి చాస్తే అందుతుందేమో అన్నంత దగ్గర్లో, రెండు స్లాబులు కలిసే జాయింటు ఉంది. బండి దాని మీంచి పోయినప్పుడల్లా రెండు చప్పుళ్లు, ముందు చక్రాలవి ఒకటి, వెనక చక్రాలవి ఒకటి. లారీ అయితే కిటికీ అద్దం వణుకుతుంది. రాత్రి రెండు దాటాక బండ్లు పలచబడతాయి, మాకు నిద్ర పట్టేది అప్పుడే. నాలుగున్నరకి మళ్లీ మొదలు. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి నల్లటి పొడి పేరుకుంటుంది. మామూలు దుమ్ములా ఊదితే పోదు, వేలితో రాస్తే జిడ్డుగా అంటుకుంటుంది. టైర్లు అరిగిన పొడి, బ్రేకుల పొడి, డీజిల్ మసి అన్నీ అందులోనే. బండ్లన్నీ ఎలక్ట్రిక్‌వి అయిపోతే ఈ బాధ తీరిపోతుందని కొందరు అంటుంటారు. పొగ పోతుంది, నిజమే. టైర్ల పొడి ఎక్కడికి పోతుంది?

పిల్లల బడి హైవేకి అవతల ఉంది. మేడ ఎక్కితే బడి గేటు కనిపిస్తుంది, గంట కొడితే వినిపిస్తుంది. కానీ కింద రోడ్డుకి రెండు వైపులా కంచె ఉంది కాబట్టి ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కి దిగాల్సిందే. ఎక్కడానికి 42 మెట్లు, దిగడానికి 42. మా కింది వాటాలో ఉండే పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు. వాళ్ల అక్క సరిగ్గా అవతలి వీధిలోనే ఉండేది. ఆ అక్క పోయే ముందు రెండేళ్లూ ఇద్దరూ ఫోన్లోనే మాట్లాడుకున్నారు. ఇంటికీ ఇంటికీ మధ్య దూరం రెండు వందల అడుగులు ఉంటుందేమో.

ఇక మీ ఇంజినీర్లు మొదట అడిగే ప్రశ్నకి వస్తాను. ఇన్ని బండ్లు ఎటు పోవాలి? న్యాయమైన ప్రశ్నే. రోజూ ఆ దారిన డ్యూటీకి పోయేవాళ్ల టెన్షన్ కూడా నాకు తెలుసు. కానీ బండ్లు నీళ్లలాంటివి కావు, ఒకచోట అడ్డేస్తే అంతా ఇంకోచోట పొంగడానికి. రోడ్డు ఉంది కాబట్టి బయల్దేరే ప్రయాణాలు చాలా ఉంటాయి. అమెరికా నగరాల లెక్కలన్నీ తీసి గైల్స్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో చూపించింది ఇదే. పెద్ద రోడ్లు ఎంత మేర పెరిగితే, బండ్లు తిరిగే దూరం కూడా ఇంచుమించు అంత మేరా పెరుగుతుందట. అంటే వెడల్పు చేసిన రోడ్డు మళ్లీ నిండుతుంది. అంతకు చాలా ముందే, 1968లో, డీట్రిష్ బ్రేస్ అనే గణితవేత్త ఇంకో వింత నిరూపించారు. ఎవరికి వాళ్లు తమకు దగ్గరనిపించిన దారి పట్టే చోట, కొత్తగా ఒక రోడ్డు కలిపితే ఒక్కోసారి అందరి ప్రయాణమూ ఆలస్యమవుతుంది. అలాంటి చోట ఆ రోడ్డు తీసేస్తే అందరూ త్వరగా చేరతారు.

దక్షిణ కొరియా రాజధాని సియోల్ నడిబొడ్డున చొంగ్యెచొన్ అనే వాగు ఉంది. 1958 నుంచి దాన్ని కాంక్రీటుతో కప్పుతూ వచ్చి, ఆ పైన ఐదున్నర కిలోమీటర్లకు పైగా పొడవైన ఫ్లైఓవర్ కట్టారు. రోజుకి లక్షన్నరకు పైగా బండ్లు తిరిగే దారి అది. 2003 జూలైలో కూల్చడం మొదలుపెట్టి, 2005 అక్టోబరు కల్లా వాగుని మళ్లీ జనానికి చూపించారు. ఊరంతా ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతుందని భయపడ్డవాళ్లు చాలామంది, కానీ అలా జరగలేదు. ఎందుకు జరగలేదో మీరు ప్రత్యేకంగా గమనించాలి. పని సగంలో ఉండగానే, 2004లో, సియోల్ బస్సుల వ్యవస్థనే మార్చేసింది. రోడ్డు మధ్యలో బస్సులకు విడిగా లేన్లు వేశారు. బస్సు దిగి మెట్రో ఎక్కినా టికెట్టు మళ్లీ మొదటి నుంచి లెక్కేయకుండా, మొత్తం దూరానికి కలిపి ఛార్జీ పెట్టారు. అవేవీ లేకుండా ఊరికే పడగొట్టి ఉంటే కథ వేరేలా ఉండేది. వేసవిలో ఆ వాగు వెంట వేడి, దానికి సమాంతరంగా పోయే పక్క రోడ్డు మీద కంటే 3 నుంచి 6 డిగ్రీలు తక్కువగా నమోదైంది. ఫ్లైఓవర్ స్లాబు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రంతా మా గదుల్లోకి వదులుతుంటే పడుకునే మాకు ఆ 3 డిగ్రీల విలువ బాగా తెలుసు.

రాజకీయంగా ఇది తేలిక అని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంబార్కడెరో ఫ్రీవే అని రెండంతస్తుల హైవే ఒకటి ఊరికీ నీళ్లకీ మధ్య గోడలా ఉండేది. తీసేద్దామా అని 1986లో ఓటు అడిగితే జనమే వద్దన్నారు. 1989 అక్టోబరు 17న వచ్చిన భూకంపానికి అది దెబ్బతిని మూతపడింది. మళ్లీ తెరవద్దు, తీసేద్దామని మేయర్ ఆర్ట్ ఆగ్నోస్ పట్టుబట్టారు. గిరాకీ పడిపోతుందని చైనాటౌన్ వ్యాపారులు ఆయన మీద మండిపడ్డారు. 1991లో కూల్చివేత మొదలైంది, అదే ఏడాది ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ఇప్పుడా ఒడ్డున ఖర్జూరపు చెట్ల వరస, మధ్యలో ట్రామ్, పక్కన నడుచుకుంటూ పోయే జనం. ఆ హైవే మళ్లీ కావాలనే గొంతు అక్కడ వినిపించదు. అమెరికాలోనే పోర్ట్‌ల్యాండ్ నగరం కూడా 1974లో నది ఒడ్డు హైవే మూసేసి పార్కు వేసుకుంది. అయితే అప్పటికే అక్కడ దూరప్రయాణపు బండ్లకు వేరే దారి తయారై ఉంది. కాబట్టి మా హైవే మీద ఎక్కే బండ్లలో ఎన్ని ఊరు దాటి పోయేవి, ఎన్ని ఊళ్లోనే దిగిపోయేవి అన్న లెక్క ముందు తీయించండి. ఊరు దాటి పోయే లారీలకి బయటి దారి చూపించాలి. ఊళ్లో దిగే బండికి ఫ్లైఓవర్ కంటే సిగ్నళ్లున్న మామూలు రోడ్డే మేలు.

సొరంగం తవ్వుదామని సలహా ఇచ్చేవాళ్లుంటారు. బోస్టన్ తవ్వింది. పైన చక్కటి పార్కు వచ్చిన మాట నిజమే గానీ, మొదట అనుకున్న ఖర్చుకి ఎన్నో రెట్లు, 1,400 కోట్ల డాలర్లు దాటింది. దాంట్లో చిన్న వంతు బస్సుల మీద పెట్టినా మా అవసరం తీరుతుంది.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న విషయానికి వస్తాను.

పార్కు రావచ్చన్న మాట ఇంకా పేపర్లోనే ఉంది. అప్పుడే మా ఇంటి ఓనర్ ఒక సాయంత్రం పైకి వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు, ఇన్నేళ్లలో మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ, "ఇది పోతే ఈ గది లెవెలే వేరు కదా, వచ్చే ఏడాది అద్దె సంగతి ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. ఆ రాత్రి లారీల చప్పుడు వల్ల కాదు, ఆ మాట వల్ల నిద్ర పట్టలేదు. పొద్దున్నే కింది పెద్దావిడకి చెబితే, "అయితే ఆ చెట్లు పెరిగేదాకా మనల్ని ఇక్కడ ఉండనివ్వరన్నమాట" అంది.

మంత్రిగారూ, ఆవిడ భయం ఉత్తది కాదు. చొంగ్యెచొన్ రోడ్డు మీద బతికిన చిరువ్యాపారులను తీసుకెళ్లి ఒక పాత స్టేడియం మైదానంలో కూర్చోబెట్టారు. కొన్నేళ్లకే ఆ స్టేడియాన్ని కూడా కూల్చేశారు, వాళ్లు మళ్లీ మూటలు సర్దుకున్నారు. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో క్లెయిబోర్న్ అవెన్యూ అనే నల్లజాతి వారి వీధిలో ఓక్ చెట్ల వరసలు ఉండేవి. 1966లో వాటిని నరికేసి నెత్తి మీద హైవే కట్టారు. చాలా ఏళ్ల తర్వాత అక్కడివాళ్లు హైవే పిల్లర్ల మీద ఓక్ చెట్ల బొమ్మలు వేయించుకున్నారు. ఆ హైవే తీసేద్దామన్న ఆలోచన వచ్చినప్పుడు అక్కడే కొందరు తటపటాయించారు. తీస్తే ఇళ్ల ధరలు పెరిగి తామే వెళ్లిపోవాల్సి వస్తుందేమోనని. పోయిన చెట్టు బొమ్మ వేసుకుని బతుకుతున్న మనిషి, నిజం చెట్టు ఇస్తామంటే భయపడే పరిస్థితి ఎవరికీ రాకూడదు. నాకు వచ్చింది కాబట్టే చెబుతున్నాను.

ఇది ముందే ఆలోచించినవాళ్లూ ఉన్నారు. వాషింగ్టన్‌లో అనకోస్టియా నది మీద, పాత వంతెన స్తంభాలపై పార్కు కడదామనుకున్నవాళ్లు, పని మొదలుకాకముందే 2015లో చుట్టుపక్కల పేదల ఇళ్లు, ఉద్యోగాలు, చిన్న కొట్లు ఎలా కాపాడాలో ప్లాన్ రాసి బయటపెట్టారు. ఇళ్ల కింది భూమిని జనం ఉమ్మడిగా పెట్టుకునే ట్రస్టు కూడా ఆ ప్రయత్నంలోంచే పుట్టింది. అమెరికాలోనే మిల్వాకీ నగరంలో అయితే 2003 నాటికి హైవే కూల్చేసినా, ఆ జాగాలో చాలా భాగం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. అంటే కూల్చిన మర్నాడు ఏం చేయాలో కూడా ముందే రాసి ఉండాలి.

అందుకే నా విన్నపం. టెండర్ పిలవకముందే ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఫ్లైఓవర్, ర్యాంపుల కింద బయటపడే భూమిలో ఒక్క గజం కూడా అమ్మకూడదు. పార్కుకి పోగా మిగిలే జాగాలో ప్రభుత్వమే ఇళ్లు కట్టి, ఈ పొగలో ఇన్నేళ్లు బతికిన అద్దెకుండేవాళ్లకు మొదటి హక్కు ఇవ్వాలి. పని జరిగే కాలంలో, ఆ తర్వాత పదేళ్లూ అద్దె ఇంతకు మించి పెంచకూడదని హద్దు పెట్టాలి. పిల్లర్ల కింద కొట్టు పెట్టుకున్నవాళ్లకి అదే వీధిలో చోటు రాసివ్వాలి, ఊరవతల ఎక్కడో ఇస్తామంటే కుదరదు.

పార్కు గురించి పెద్ద కోరికలేమీ లేవు. ఫౌంటెన్లు, రంగు లైట్లు అక్కర్లేదు. నీడనిచ్చే చెట్లు, వీపు ఆనించుకునే బెంచీలు, బడి వైపు నేరుగా పోయే దారి ఉంటే చాలు, ఆ దారికి మెట్లు ఉండకూడదు. నీళ్లు పోసే మనుషులకి ఏటా జీతాలు ఎక్కడినుంచి వస్తాయో కూడా ఇప్పుడే రాయండి. మొదటి రెండు వేసవులు దాటని మొక్క చెట్టు కాదు.

మీ సర్వే వాళ్లు వస్తే మా వీధి నుంచే మొదలుపెట్టమనండి. కింది పెద్దావిడ మనవరాలు, నేను కలిసి ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి ఒక నోట్‌బుక్ రాశాం. ఏ ఇంట్లో ఎవరు ఎన్నేళ్లుగా ఉంటున్నారు, సొంతిల్లా అద్దిల్లా, ఏ పిల్లర్ కింద ఏ కొట్టు ఉంది, అన్నీ అందులో ఉన్నాయి. ఎప్పుడు రమ్మంటే అప్పుడు మీ ఆఫీసుకి తెచ్చిస్తాను.

ఇట్లు,
ఫ్లైఓవర్ పక్కింటి రెండో అంతస్తులో అద్దెకుంటున్న మీ పౌరుడు