చెరువుకో నీరటి కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం పూట గ్లవ్స్ వేసుకుని చెరువులో గుర్రపు డెక్క లాగుతున్న వాళ్ల ఫొటోలు పత్రికల్లో తరచూ వస్తుంటాయి. అలా లాగేవాళ్లలో నేనూ ఒకదాన్ని. మాది హైదరాబాద్‌లో మణికొండ పక్కనున్న నెక్నాంపూర్ చెరువు. ఆ ఫొటోల్లో కనపడని సంగతి ఒకటి చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా చెరువు పేరు మీ పాఠకుల్లో కొందరు వినే ఉంటారు. 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినం నాడు, ఇక్కడ నీటి మీద తేలే మొక్కల దీవిని ప్రారంభించారు. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ, జిల్లా యంత్రాంగం కలిసి చేసిన పని అది. 3,000 చదరపు అడుగుల ఆ దీవి ఈ రకం వాటిలో దేశంలోకెల్లా పెద్దదని ఇండియా బుక్ ఆఫ్ రికార్డ్స్ గుర్తించింది. అడుగున వెదురు, దాని మీద థర్మోకోల్, ఆపైన గోనె సంచులు, అన్నిటికన్నా పైన కంకర. మట్టి అన్నదే లేదు. వట్టివేరు, జమ్ము, మెట్టతామర, సిట్రొనెల్లా, తులసి, అశ్వగంధ లాంటివి అందులో నాటారు. వాటి వేర్లు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. వేర్ల చుట్టూ సూక్ష్మజీవులు జిగురు పొరలా పెరిగి మురికిని తింటాయి. అందులోంచి విడివడిన నత్రజని, భాస్వరాలను మొక్కలు పీల్చుకుంటాయి. కరెంటు అక్కర్లేదు, మోటార్ అక్కర్లేదు. ఈ పద్ధతి గురించి మొదటిసారి విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

కానీ చెరువులో ఇప్పటికే ఉన్న మురికిని ఎంతో కొంత తగ్గించడమే ఆ దీవి చేయగలిగిన పని. పైనుంచి రోజూ నాలాలో వచ్చి పడే మురుగును తట్టుకోవడం దాని వల్ల కాదు, మా చేతుల వల్ల అసలే కాదు. పొలానికి యూరియా, డీఏపీ ఏం చేస్తాయో గుర్రపు డెక్కకు మన మురుగు అదే చేస్తుంది. మేం మూడు ఆదివారాలు వరసగా దిగి ఒక మూల శుభ్రం చేస్తే, నెల తిరిగేసరికి అక్కడ మళ్లీ నీళ్లు కనపడవు.

నగర చెరువుల్లో చేపలు చచ్చి తేలాయనే వార్త మనకు ఏటా అలవాటైపోయింది. విషం కలిపారేమోనని అనుమానిస్తాం. ఒక్కోసారి ఫ్యాక్టరీ నీళ్లు కారణం కావచ్చు. చాలాసార్లు మాత్రం చేపలు ఊపిరాడక చస్తాయి. మురుగు కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది. పగలు నాచు కాస్త తయారుచేసినా, రాత్రి ఆ నాచే తిరిగి పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఎండాకాలం చివర తొలి వానకు నాలాలో పేరుకున్నదంతా ఒక్కసారిగా కొట్టుకొచ్చిందంటే, మర్నాడు పొద్దున బొచ్చెలు, రవ్వలు తెల్లగా తేలి ఉంటాయి. కొర్రమీను మాత్రం పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. అందుకే కొర్రమీన్లు దొరుకుతున్నాయి కదా, నీళ్లు బాగానే ఉన్నాయి అనే మాటను దయచేసి నమ్మకండి.

ఇక ఆ ఫొటోల్లో కనపడని సంగతి. రెండేళ్ల కింద ఒక ఆదివారం పని అయ్యాక, ఈ మురుగు ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని మాలో నలుగురం నాలా పట్టుకుని పైకి నడిచాం. నాలాలో కలుస్తున్న పైపుల్లో ఒకటి మా కాంప్లెక్స్‌దే. మాకు సొంత ఎస్టీపీ, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, ఉంది. అయితే కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందని రాత్రిళ్లు దాన్ని ఆపేసి, మురుగును వాన నీటి కాలువలోకి వదిలేస్తున్నారు. పొద్దున మేం చెరువులో తీసేది, రాత్రి మా ఇళ్ల నుంచి పోయినదే. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. తర్వాత అసోసియేషన్‌లో నాలుగు మీటింగులు జరిగాయి, గొడవలూ అయ్యాయి. చివరికి ఫ్లాట్‌కు నెలకు కొంత పెంచి ఎస్టీపీని 24 గంటలూ నడుపుతున్నాం. శుద్ధి అయిన నీళ్లు మొక్కలకు, ఫ్లష్‌లకు వాడుతున్నాం. ఇన్నేళ్లలో చెరువు కోసం మేం చేసిన పనుల్లో అసలైనది ఇదేనని నా నమ్మకం. దీనికి ఎవరూ ఫొటో తీయలేదు.

మిగతా పైపుల సంగతి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఏ ఆఫీసు అని రాయను, అక్కడ మర్యాదగా మాట్లాడినవాళ్లూ ఉన్నారు. కానీ చెరువు హద్దులు ఒకరివి, నాలా ఇంకొకరిది, మురుగు పైపు మరొకరిది, చేపలు వేరొకరివి. మా కాగితం ఆ నాలుగు బల్లల మధ్య ఎనిమిది నెలలు తిరిగింది.

మన ఊళ్లలో చెరువుకో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎంత నీరు పోవాలి, అలుగు పారితే ఎవరికి చెప్పాలి, అన్నీ అతనికే తెలుసు. ఆయకట్టు రైతులు పంట మీద అతనికి ధాన్యం కొలిచేవాళ్లు. చెరువుకు ఏమైనా అయితే ఊరంతా నిలదీసేది అతన్నే. ఇప్పుడు నగరంలో చెరువులున్నాయి, నీరటి లేడు.

చట్టంలోనూ ఒక చిక్కుంది. 2017లో వచ్చిన చిత్తడి నేలల రక్షణ నిబంధనలు సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన జలాశయాలను తమ పరిధి నుంచి తప్పించాయి. తెలంగాణ చెరువులు దాదాపు అన్నీ మన పెద్దలు సాగు కోసం కట్టుకున్నవే. మా చెరువు చుట్టూ ఇప్పుడు కనిపించేవి అపార్ట్‌మెంట్లే. కొంగలు, నీటికాకులు, నీటికోళ్లు మాత్రం ఇంకా వస్తున్నాయి. పుట్టినప్పుడు పొలానికి కట్టారు కాబట్టి ఇది చిత్తడి నేల కాదనడం ఏం న్యాయం? 2016లో అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక జలాశయానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. అదీ మనుషులు కట్టిన చెరువే కదా. చెరువులన్నిటికీ ఆ రక్షణ ఇచ్చే దారి ప్రభుత్వం వెతకాలి.

డబ్బు లేదని అనను. 2021లో ప్రభుత్వమే చెప్పిన లెక్క ప్రకారం నగర ప్రాంతంలో రోజుకు దాదాపు 195 కోట్ల లీటర్ల మురుగు వస్తుంటే, శుద్ధి అవుతున్నది 77 కోట్ల లీటర్లు. ఆ తేడా పూడ్చడానికి 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త ఎస్టీపీలు తలపెట్టారు, కొన్ని నడుస్తున్నాయి కూడా. మంచి పని. కానీ పైపు వెళ్లి ఎస్టీపీలో కలవకపోతే అది ఎంత పెద్దదైనా చెరువుకు ఒరిగేదేమీ లేదు. శివారు కాలనీల్లో ఇంకా జరగనిది ఆ కలపడమే.

ప్రభుత్వానికి మా విన్నపం చిన్నదే. ప్రతి చెరువుకూ ఒక అధికారిని బాధ్యుడిగా నియమించి, ఆయన పేరు, ఫోన్ నంబరు కట్ట మీద బోర్డులో రాయండి. హద్దు, నాలా, పైపు ఎవరివైనా సరే, వాళ్లతో మాట్లాడి పని చేయించే బాధ్యత ఆయనది కావాలి. కాలుష్య నియంత్రణ మండలి చెరువుల నీటిని పరీక్షించి ఫలితాలు వెబ్‌సైట్‌లో పెడుతోంది. అవే అంకెలు అదే బోర్డు మీద, తెలుగులో, నెలనెలా రాయండి. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చేవాళ్లు, వల వేసేవాళ్లు, బతుకమ్మ వేయడానికి వచ్చి వాసనకు ముక్కు మూసుకునే ఆడవాళ్లు అందరూ చదువుతారు. ప్రాణవాయువు అంకె పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తెలుస్తుంది.

ముందుగా మా కట్ట మీద పెట్టి చూడండి. బోర్డు, స్తంభం ఖర్చు మేమే పెట్టుకుంటాం. నెలనెలా అంకెలు మార్చి రాయడానికి మాలో ఇద్దరు ఇప్పటికే ఒప్పుకున్నారు. అధికారి పేరు ఒక్కటి మీ పత్రిక ద్వారా తెలిస్తే చాలు.

— ఒక పాఠకురాలు, మణికొండ