వార్షిక నివేదిక: ఓడ రాని రోజుల్లో మన దీవి

గౌరవ సభ్యులందరికీ మన దీవివాసుల సంఘం కార్యవర్గం తరఫున నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ఆటల పోటీలు, లైబ్రరీ, రక్తదాన శిబిరం, జమాఖర్చులు వరుసగా చెప్పుకుంటూ వస్తున్నాం. ఈసారి వాటిని చివర్లో క్లుప్తంగా ప్రస్తావిస్తాం. సంఘం డబ్బు, సభ్యుల శ్రమ ఎక్కువగా ఖర్చయింది ప్రభుత్వ ఉద్యోగుల సమ్మె కాలంలోనే. అప్పుడు ఏం జరిగిందో, సంఘం ఏం చేసిందో అందరికీ తెలియాలి. సర్వసభ్య సమావేశంలో పెట్టబోయే తీర్మానం కూడా ఆ అనుభవం నుంచి వచ్చిందే.

సమ్మె మన దాకా ఎలా వచ్చింది

పెద్ద నగరంలో ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చేస్తే ఫైళ్లు కదలవు, బస్సులు తగ్గుతాయి. ఇబ్బందే అయినా ప్రైవేటు ఆస్పత్రి ఉంటుంది, వెళ్లడానికి ఇంకో రోడ్డు ఉంటుంది. మనకు ఆ అవకాశం లేదు. ఓడ నడిపేది ప్రభుత్వమే, రేవు ప్రభుత్వానిదే. ఆస్పత్రి, కరెంటు, నీళ్లు, పోస్టాఫీసు కూడా అంతే. వీటిలో ఏ ఒక్కటి ఆగినా మిగతావి కుంటుపడతాయి.

నిజానికి సమ్మె మొదలైన రోజున మన జెట్టీలో అందరూ డ్యూటీకి వచ్చారు. అవతలి ఒడ్డున రేవు సిబ్బంది పని ఆపేశారు. సరుకు ఎక్కించేవాళ్లు లేక ఓడ అక్కడే ఉండిపోయింది. ఇక్కడ ఎవరూ సమ్మె చేయకముందే సమ్మె ఫలితం మనం అనుభవించాం. ఈ సంగతి బయటివాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు. అధికారులతో మాట్లాడిన ప్రతిసారీ ముందుగా దీన్ని వివరించాల్సి వచ్చింది.

విమానం విషయం ఇంకా చిత్రం. రన్‌వే బాగానే ఉంది, పైలట్లూ సిద్ధమే. కానీ విమానాశ్రయంలో అగ్నిమాపక సిబ్బంది డ్యూటీలో లేకపోతే ప్రయాణికుల సర్వీసును దించడానికి భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. మనలాంటి చిన్న చోట ఆ సిబ్బంది కొద్దిమందే. వాళ్లు సమ్మెలో చేరగానే ఆ దారీ మూసుకుపోయింది.

పవర్‌హౌస్ ఉద్యోగులు సమ్మెకు దూరంగా ఉన్నారు. అయినా కరెంటు కోతలు తప్పలేదు, ఎందుకంటే జనరేటర్లకు డీజిల్ రావాల్సింది ఓడలోనే. కోత పెడితే నీళ్ల పంపు ఆగుతుంది, పంపు ఆగితే మెట్ట మీది ఇళ్లకు నీళ్లు ఎక్కవు. ఏ గంటలో కరెంటు ఉంటుందో ముందురోజే బోర్డు మీద రాయించమని సంఘం అడిగింది, పవర్‌హౌస్ వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. ఎంతసేపు ఉండదో తెలిస్తే జనం సర్దుకుంటారు. ఎప్పుడు పోతుందో తెలియకపోవడమే అసలు టెన్షన్.

మందుల పని

ఈ భాగాన్ని సభ్యులు కాస్త ఓపికగా చదవాలని మనవి.

మందుల దుకాణంలో సరుకు తగ్గుతోందని తెలిసిన సాయంత్రమే మహిళా విభాగం సభ్యులు ఇంటింటికీ తిరిగి జాబితా తయారుచేశారు. ఎవరు ఏ మందు వాడుతున్నారు, ఇంట్లో ఇంకా ఎన్నాళ్లకు సరిపోతుంది, ఆపితే ప్రమాదం ఉన్న మందు ఏది అని రాసుకున్నారు. బీపీ, థైరాయిడ్, మూర్ఛ, గుండె జబ్బు మందులకు ఒక పేజీ, ఇన్సులిన్‌కు విడిగా ఒక పేజీ. చాలామందికి తమ మందు పేరు తెలియదు, ఖాళీ అట్టలు తెచ్చి చూపించారు. ఆ అట్టలు చూసి డాక్టర్ గారు దగ్గర కూర్చుని పేర్లు రాయించారు. కొన్ని ఇళ్లలో అదే మందు అవసరానికి మించి ఉంది. అడగ్గానే ఇచ్చారు, ఆ మందులను ఆస్పత్రి ద్వారానే పంచాం తప్ప చేతి నుంచి చేతికి వెళ్లనివ్వలేదు.

తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడకంలో ఉన్న సీసా చాలా రకాల్లో మామూలు గది వేడిలో నాలుగు వారాల దాకా పనిచేస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక కొందరు కరెంటు పోయిన రాత్రే మందు పాడైపోయిందని భయపడి పారేయబోయారు. ఆస్పత్రి నర్సు చెప్పిన ఈ వివరాన్ని కాగితం మీద రాసి అన్ని వీధుల్లో అంటించాం. చేపల పడవలవాళ్ల దగ్గర మంచుగడ్డలకు కొదవ ఉండదు. ఐస్ బాక్సులు ఇచ్చింది వాళ్లే. అయితే ఇన్సులిన్ సీసాకు మంచు నేరుగా తగిలితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. అందుకే సీసాలను గుడ్డలో చుట్టి, మధ్యలో అట్ట పెట్టి, లోపల థర్మామీటర్ ఉంచి, పెట్టె మూత మీద గంటగంటకూ రీడింగు రాశారు మన కుర్రాళ్లు. ఆ మూతలు ఇంకా సంఘం ఆఫీసులో ఉన్నాయి, చూడాలనుకున్నవాళ్లు చూడవచ్చు.

డయాలిసిస్ మన దీవిలో లేదు. సాధారణంగా వారానికి మూడుసార్లు చేయించుకోవాల్సిన చికిత్స అది, వాయిదా వేసే వీలులేదు. అవసరమైనవాళ్లను వాతావరణం చూసుకుని పెద్ద పడవలో అవతలికి చేర్చి, సమ్మె ముగిసేదాకా అక్కడే ఉండే ఏర్పాటు చేశాం. ఆ కుటుంబాల బస ఖర్చు సంఘం అత్యవసర నిధి నుంచి ఇచ్చాం.

అవతలి ఒడ్డు నుంచి మందుల పెట్టెలు వచ్చిన రోజు గురించి ఒక మాట. అప్పటికి మన జెట్టీ ఉద్యోగులు కూడా సమ్మెలోకి వెళ్లారు. పడవ రావడం చూసి సమ్మె శిబిరంలోంచి ఇద్దరు లేచి వచ్చారు. తాడు అందుకుని కట్టారు, పెట్టెలు ఒక్కొక్కటిగా దించారు, మళ్లీ వెళ్లి శిబిరంలో కూర్చున్నారు. ఆ పని హాజరుపట్టీలోకి ఎక్కదు, దానికి జీతమూ రాదు. వాళ్లకు ఈ నివేదిక ద్వారా కృతజ్ఞతలు చెప్పడం మన బాధ్యత.

డబ్బు, దుకాణాలు, అరువు

ఏటీఎంలో పెట్టే నోట్లు కూడా ఓడలోనే వస్తాయి. పోస్టాఫీసు తెరవకపోవడంతో పింఛన్లు ఆగాయి. సమ్మె రోజులకు ఉద్యోగులకు జీతం కోత పడింది. చిన్న దీవిలో నెలజీతం వచ్చే ఇల్లంటే దాదాపు ప్రభుత్వ ఉద్యోగి ఇల్లే కాబట్టి, వాళ్ల జీతం తగ్గితే దుకాణం, పడవ, టైలరు, ట్యూషను అన్నింటికీ దెబ్బ తగిలింది. దుకాణదారులు అరువిచ్చి ఆదుకున్నారు. ఆ బాకీలు కొన్ని ఇంకా తీరలేదు. సమ్మె ముగిసిందని ప్రకటన రాగానే మామూలు పరిస్థితి వస్తుందని అనుకున్నవాళ్లూ ఉన్నారు. పేరుకుపోయిన సరుకంతా ఒక్క ఓడలో పట్టదు. పైగా ఆ వారమే సముద్రం అల్లకల్లోలంగా ఉంది. చివరి పార్సిల్ చేరేసరికి నగరాల్లో సమ్మె సంగతే మరచిపోయారు.

మన వైఖరి

సమ్మెను నిషేధించమని సంఘం ఎందుకు అడగలేదని కొందరు సభ్యులు నిలదీశారు. వాళ్ల కోపం న్యాయమైనదే, మందు కోసం ఎదురుచూసిన ఇంట్లో వేరే మాట రాదు. కానీ సమ్మె చేసినవాళ్లు మన ఇళ్లలోవాళ్లే. వాళ్ల డిమాండ్లలో దీవి ఖర్చుకు సరిపడే భత్యం, ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పోస్టుల భర్తీ ఉన్నాయి. నర్సు పోస్టు ఖాళీగా ఉంటే నష్టపోయేది మనమే. 2009లో కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో జనవరి 20 నుంచి మార్చి 4 దాకా 44 రోజులు సార్వత్రిక సమ్మె జరిగింది. పెట్రోలు బంకులు, బడులు మూతపడి ప్రజలు చాలా కష్టపడ్డారు. ఆ సమ్మెకు కారణం మాత్రం దీవిలో మండిపోతున్న ధరలు, చాలని జీతాలు. దీవుల్లో సమ్మె చేసేవాళ్ల బాధ, సమ్మెవల్ల బాధపడేవాళ్ల బాధ చాలావరకు ఒక్క చోటే పుడతాయి.

అందుకే మనం అడగాల్సింది కనీస సేవల ఒప్పందం. దీనికి అంతర్జాతీయంగా గట్టి ఆధారం ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థలో, సంఘాలు పెట్టుకునే హక్కుపై వచ్చే ఫిర్యాదులు చూసే సంఘ స్వేచ్ఛ కమిటీ 1951 నుంచి పనిచేస్తోంది. ఆగిపోతే ప్రజల ప్రాణానికి, భద్రతకు, ఆరోగ్యానికి ముప్పు వచ్చే వాటినే అది అసలైన అత్యవసర సేవలుగా గుర్తిస్తుంది. ఆస్పత్రులు, కరెంటు, నీటి సరఫరా, విమానాల రాకపోకల నియంత్రణ ఆ కోవలోకి వస్తాయి. ఫెర్రీ, అంటే జనాన్ని, సరుకును దాటించే ఓడ సర్వీసు, ఆ కోవలోకి రాదు. కానీ ఫెర్రీ ఆగితే దీవుల జనానికి వచ్చే కష్టాల దృష్ట్యా సమ్మె కాలంలో కనీస సర్వీసు నడిపేలా ఒప్పందం చేసుకోవచ్చని ఆ కమిటీయే చెప్పింది. కనీసం అంటే ఎంత అన్నది అధికారులు ఒక్కరే తేల్చకూడదు, కార్మిక సంఘాలు కూడా ఆ చర్చలో ఉండాలి. సమ్మె హక్కుకు భంగం రాదు, మందుల పెట్టె ఆగదు.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు కెనడా చరిత్రలో ఒక జవాబు దొరుకుతుంది. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ 1873లో కెనడాలో చేరేటప్పుడు, చలికాలంలోనూ ఎండాకాలంలోనూ ఆవిరి ఓడలు నడిపి దీవికి ఎడతెగని రాకపోకలు కల్పిస్తామని కేంద్రం రాసిచ్చింది. సరిగ్గా వందేళ్ల తర్వాత, 1973లో, ఫెర్రీని నడిపే రైల్వే సంస్థ ఉద్యోగుల సమ్మెతో ఆ ఫెర్రీ ఆగిపోయింది. ఆ రాష్ట్రం కేంద్రం మీద కోర్టుకు వెళ్లింది. మాట ఇచ్చిన ప్రభుత్వం దాన్ని నిలబెట్టుకోలేదని కోర్టు తేల్చింది. 1997లో ఆ దీవికి దాదాపు 13 కిలోమీటర్ల వంతెన వచ్చింది. మనకు వంతెన వచ్చే అవకాశం లేదు కాబట్టి రాసిన కాగితమైనా ఉండాలి.

ఉద్యోగ సంఘాల ప్రతినిధులతో ఇప్పటికే రెండు విడతల చర్చలు జరిగాయి. మందులు, రోగులు, డీజిల్, చంటిపిల్లల పాలపొడి తెచ్చే ఓడకు మినహాయింపు ఇవ్వడానికి వాళ్లు సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. ప్రభుత్వం వైపు నుంచి ఇంకా రాతపూర్వక జవాబు రాలేదు.

ఇతర కార్యక్రమాలు

ఆటల పోటీలు వాయిదా పడి, తర్వాత పిల్లల విభాగం వరకే జరిగాయి. లైబ్రరీకి కొత్త అలమర వచ్చింది. జమాఖర్చుల పట్టిక, ఆడిటరు సంతకంతో సహా, విడిగా జతచేశాం. అత్యవసర నిధి దాదాపు ఖాళీ అయింది, చందా పెంపు ప్రతిపాదన అందుకే.

తీర్మానం

సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెట్టే తీర్మానం ఇది: "సమ్మె హక్కును గౌరవిస్తూ, సమ్మె కాలంలో దీవికి కనీస ఓడ సర్వీసు, విమానాశ్రయంలో అత్యవసర రోగుల తరలింపుకు సరిపడా సిబ్బంది ఉండేలా ప్రభుత్వం, ఉద్యోగ సంఘాలు, ఈ సంఘం కలిసి ముందుగానే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి." సవరణలు ఉన్నవారు సమావేశానికి వారం ముందు కార్యదర్శికి రాసి ఇవ్వాలి. మందుల జాబితాను కొత్తగా రాస్తున్నాం. వచ్చేటప్పుడు ప్రతి ఇంటివారూ తాము వాడుతున్న మందుల అట్టలు వెంట తీసుకురాగలరు.

ఇట్లు
కార్యవర్గం తరఫున,
ప్రధాన కార్యదర్శి