మహానంది కోనేరు బొమ్మ

కడప

చిరంజీవి అబ్బికి నాయన ఆశీర్వదించి వ్రాయు ఉత్తరం.

ఇక్కడ మీ అమ్మ, అవ్వ, నేను క్షేమంగా ఉన్నాము. నీవు అనంతపురం చేరినట్టు అమ్మకు ఫోన్ చేసి చెప్పావని తెలిసింది. నాతో మాట్లాడలేదు. యాత్రలో చివరిదైన యాగంటి నుంచి ఇల్లు చేరేదాకా బస్సులోనూ నాతో మాట్లాడలేదు, మరునాడు తెల్లవారుజామున సంచి భుజాన వేసుకొని బస్టాండుకు బయలుదేరినప్పుడూ మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. ఇవి ఫోనులో చెప్పగలిగిన మాటలు కావు కనుక కాగితం మీద పెడుతున్నాను. తీరిక చేసుకొని చదువు.

నిన్న సాయంత్రం, యాత్రకు బస్సు మాట్లాడిన హెడ్మాస్టరు గారు మన ఇంటికి వచ్చి, బస్సు కడిగేటప్పుడు చివరి సీటు కింద దొరికిందంటూ ఒక నోటు పుస్తకం ఇచ్చి వెళ్ళారు. ఎవరిదో తెలుసుకుందామని తెరిచాను. నీ చేతివ్రాత చూడగానే మూసివేయవలసింది, కానీ అప్పటికే ఆ పేజీ కంటబడింది. చదరంగా గీసిన కోనేరు, గర్భగుడి వైపు నుంచి వచ్చే నీళ్ళకు ఒక బాణం గుర్తు, బయటి గుండాలలోకి పోయే నీళ్ళకు మరొకటి, పక్కన లోతు అయిదడుగులని అంకె, అడుగున ఈ రెండు వాక్యాలు: ‘ఎండాకాలంలోనూ ఇంతేనా? ఎవరైనా కొలిచారా?’ ఇరవై ఆరేళ్ళుగా కర్నూలు–కడప (కె.సి.) కాలువ మీద ఉద్యోగం చేస్తూ, నీటిమట్టం గేజీలు చూస్తూ, తూములు ఎత్తించి దించుతూ బ్రతుకుతున్న నాకు ఆ పేజీ చూశాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ముందుగా నేను దాచిన సంగతి ఒకటి చెప్పాలి. సెమిస్టరు పరీక్షలు ముగించుకొని నీవు ఇంటికి వచ్చిన రోజున, భోజనాల దగ్గర, “నాలుగు రోజుల యాత్రకు నీ పేరు కూడా వ్రాయించాను, రావలసిందే” అని మాత్రమే అన్నాను. నమ్మకం లేనివాడు గుడిలో చేతులు జోడిస్తే అది దొంగదండం కాదా అని నీవు అడిగావు. దానికి జవాబు చెప్పకుండా, ఈ ఇంట్లో నా మాట చెల్లాలన్నట్టు గొంతు పెంచాను. నిజానికి నీ పేరు వ్రాయించమని అడిగింది మీ అవ్వ. మీ అబ్బ బ్రతికి ఉన్నన్నాళ్ళు, శెనక్కాయ పంట చేతికొస్తే ఈ ఏడు శ్రీశైలం పోదామని ప్రతి సంవత్సరమూ ఆమెకు మాట ఇచ్చేవాడు. వానలు రాని ఏడు పంట ఉండేది కాదు, పంట వచ్చిన ఏడు అప్పులవాళ్ళు ముందుగా వచ్చేవారు. అలా నలభై ఏళ్ళు గడిచిపోయి, ఆయనే వెళ్ళిపోయాడు. ఈసారి బస్సు సంగతి చెప్పగానే ఆమె అన్న మాట ఒక్కటే: “అబ్బి వస్తేనే ఎక్కుతా.” నీ నడక, నీ భుజాల వాలు మీ అబ్బవి. ఆమె ఎందుకు నిన్ను కోరిందో నాకు అర్థమైంది. నీకు చెబితే కరిగిపోయి వస్తావని కూడా తెలుసు. అలా కరిగించి తీసుకుపోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆజ్ఞాపించడం అంతకంటే మేలనుకున్నాను. అది పొరపాటు.

బయలుదేరిన తెల్లవారుజామున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టి, అందరూ గోవింద నామం చెబుతుంటే నీవు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని చివరి సీటులో కిటికీకి ఆనుకొని కూర్చున్నావు. మైదుకూరు దాటేదాకా నేను వెనుకకు తిరిగి చూస్తూనే ఉన్నాను. దారి పక్కన బస్సు ఆపి ఉగ్గాని వడ్డించినప్పుడు కూడా నీవు దిగలేదు. మీ అవ్వే ఆకు పట్టుకొని మెట్లెక్కి నీ దగ్గరికి వచ్చింది. ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం చేరాక మాత్రం నీ ముఖం కొంత విప్పారింది. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి సన్నిధికి భవనాశి ఏటి వెంట రాళ్ళు ఎక్కుతూ దిగుతూ వెళ్ళే దారిలో, డోలీ మాట్లాడుకోలేక, నడవనూ లేక ఆగిపోయిన పెద్దవాళ్ళిద్దరికి నీవు చేయి అందించి పైదాకా తీసుకుపోయావని తరువాత వాళ్ళే చెప్పారు. స్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడి అడవివాళ్ళకు అల్లుడయ్యాడని, కనుమ నాడు మొదలయ్యే పారువేటలో నలభై రోజులకు పైగా పల్లకిలో పల్లెపల్లెకూ తిరుగుతాడని అవ్వ చెబుతుంటే, నీవు ఇయర్‌ఫోను ఒకటి తీసి వినడం నేను చూశాను.

అసలు చెప్పదలచుకున్నది మహానంది గురించి. అక్కడ అందరూ దర్శనానికి వెళుతుంటే, చెప్పులకూ సంచులకూ కాపలా ఉంటానని నీవు బయటనే నిలబడ్డావు. నలభై మంది చూస్తుండగా నా కొడుకు గుడి గడప దాటనంటున్నాడన్న సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గులో నేను గమనించని విషయాన్ని మీ అవ్వ గమనించింది. ఆమె నిన్ను గుడిలోకి రమ్మనలేదు. గోపురం బయట ఉన్న గుండంలో కాళ్ళు పెట్టుకోవాలని ఉంది, మెట్లు పాచి పట్టి ఉంటాయేమో, పట్టుకొని దించమని అడిగింది, అంతే. నీవు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఆమె రెండు చేతులూ పట్టుకొని, వెనుకకు నడుస్తూ ఒక్కొక్క మెట్టే దింపావు. అడుగున ఉన్న రాయి గీతతో సహా కనబడే ఆ నీళ్ళను చూసి, “ఈ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయవ్వా?” అని నీవు అడిగితే, “సామి కిందనించి వచ్చాండాయి నాయనా” అని ఆమె చెప్పింది.

అప్పుడు నీవు లోపలికి వెళ్ళావు. ఎవరూ పిలవకుండానే, ఆ నీళ్ళ వెంట వెళ్ళావు. నేను అప్పటికి దర్శనం ముగించుకొని లోపలి కోనేటి గట్టున కూర్చున్నాను. నీవు నన్ను చూడలేదు. కోనేటి మూల వంగి, ధార పడే చోట చేయి పెట్టి చూసి, తరువాత వరుసలో నిలబడి గర్భగుడి దాకా వెళ్ళి, లింగం కింద ఊరే నీటిని అందరిలాగే తాకి వచ్చావు. దండం పెట్టావో లేదో నేను చూడలేదు, చూడాలని ప్రయత్నించనూ లేదు. ఆ తరువాత అవ్వను నడిపించుకుంటూ బయటి గుండాలు దాటి, పిల్లకాలువ వెంట అరటి తోటల దాకా వెళ్ళావట. నల్లమల మీద కురిసిన వాన రాళ్ళ సందుల్లోకి దిగి, కొండ పాదంలో ఊటగా పైకి వచ్చి, దేవుడి కింద నుంచి కోనేటిలోకి, కోనేటి నుంచి గుండాలలోకి, గుండాల నుంచి వరి మళ్ళకూ అరటి తోటలకూ పోతున్నది. వచ్చే నీరూ పోయే నీరూ సరితూగేలా అమర్చారు కనుకనే కోనేటిలో మట్టం మారదు. ఆ అమరిక చేసినవాళ్ళు ఎవరోగాని, వాళ్ళకు నీటి పనీ తెలుసు, భక్తీ తెలుసు. ఈ రెండింటికీ వాళ్ళు వేర్వేరు చోట్లు వెతుక్కోలేదు.

సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మన కడప దాకా నీళ్ళు తెచ్చే కె.సి. కాలువను 1860లలో తవ్వడం మొదలుపెట్టిన కంపెనీ నష్టపోయి, 1882లో దానిని ప్రభుత్వానికి అమ్ముకున్నది. ఆ కాలువ చరిత్ర నాకు కంఠపాఠం. అయినా నంద్యాల సెక్షనులో పనిచేసిన ఆరేళ్ళలో మహానందికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు గాని, ఎండాకాలంలో ఆ మట్టం ఎంత ఉంటుందని ఒక్కసారి కూడా అడగలేదు. దేవుడి నీళ్ళు అనుకొని తీర్థం పుచ్చుకొని వచ్చేవాణ్ణి.

రాత్రి అయితే అడవిలో చెక్‌పోస్టులు మూసివేస్తారని డ్రైవరు తొందరపెట్టడంతో, ఆత్మకూరు, దోర్నాల మీదుగా పొద్దుండగానే ఘాటు ఎక్కాము. శ్రీశైలంలో ఏమి జరిగిందో నీకూ తెలుసు, ఎక్కువ వ్రాయను. ఏ కులమని అడగకుండా భక్తుడు తన చేతితోనే లింగాన్ని తాకే ఆచారం అక్కడ పూర్వం నుంచి ఉన్నది. మీ అవ్వ మల్లన్న మీద చేయి పెట్టి, నుదురు ఆనించి, మీ అబ్బ పేరు చెప్పుకున్నదని మీ అమ్మ నాకు చెప్పింది. బయటికి వచ్చాక ఆమె ఆ తడిచేయిని కొంగుకు తుడుచుకోకుండా నీ తల మీద పెట్టింది. నీవు తల వంచి నిలబడ్డావు. ప్రాకారం గోడ మీద చెక్కిన ఏనుగులనూ గుర్రాలనూ వేట బొమ్మలనూ ఒక్కొక్కటే చూపిస్తూ ఆమెను నీవు గోడ చుట్టూ తిప్పుతుంటే, 1677లో శివాజీ ఈ కొండకు వచ్చిన సంగతి నీకు చెబుదామని నేను దగ్గరికి వచ్చి, మీ ఇద్దరి మాటలు తెగిపోతాయని వెనుకకు తగ్గాను.

ఇక యాగంటి. అక్కడి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణం చేసేవారని, ఇప్పుడు సందు చాలడం లేదని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని కాలజ్ఞానంలో బ్రహ్మంగారు చెప్పారని మనతో వచ్చిన పెద్దాయన భక్తిగా చెబుతుంటే నీవు పైకి నవ్వి, “కొలిచిన లెక్క ఉంటే చూపించండి” అన్నావు. ఆయన ముఖం చిన్నబోయింది. నేను అందరి ముందు నోరు ముయ్యమని, ఇష్టం లేకపోతే బస్సు దిగి పొమ్మని నిన్ను కసిరాను. ఆ మాట అన్నందుకు నేను నిజంగా బాధపడుతున్నాను. నీ నవ్వు తప్పు, అది ఇప్పటికీ అంటాను. మనకంటే ముప్పై ఏళ్ళు పెద్దవాడు, చిన్ననాటి నుంచి మనసులో దాచుకున్నదాన్ని నీ చేతిలో పెడుతున్నప్పుడు నవ్వకూడదు. అయితే నీ ప్రశ్న తప్పు కాదు. మహానందిలో అడిగిన ప్రశ్నే యాగంటిలోనూ అడిగావు. ఒకచోట అవ్వ చేయి పట్టుకొని అడిగావు, మరొకచోట నవ్వుతూ అడిగావు. ఈ తేడా చెప్పవలసిన తండ్రిని, నేను ప్రశ్ననూ నవ్వునూ కలిపి కొట్టాను.

అడిగినవాడికి గుడిలో చోటు ఉండదని నీవు అనుకోకుండా ఉండాలని ఈ సంగతి వ్రాస్తున్నాను. మన ఒంటిమిట్ట కోదండరాముడి ఆలయంలో ఇమాంబేగ్ బావి ఉన్నది, చిన్నప్పుడు నీకు చూపించాను, గుర్తుందో లేదో. ఇమాంబేగ్ నవాబుల కొలువులో అధికారి. పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా అని గుడికి వచ్చిన వాళ్ళను అడిగాడని, మనసారా పిలిస్తే పలుకుతాడని వాళ్ళు చెబితే, తానే నిలబడి మూడుసార్లు రాముణ్ణి పిలిచాడని, లోపలి నుంచి ‘ఓ’ అని జవాబు వచ్చిందని, అప్పుడు గుడి అవసరాలకు ఆ బావి తవ్వించాడని మన పెద్దలు చెబుతూ వచ్చారు. జవాబు వచ్చిందా అని నీవు అడగవచ్చు. నేను చెప్పేది బావి గురించి. అక్కడికి వచ్చి దండం పెట్టుకుపోయిన లక్షల మందిలో ఎవరి పేరూ బావికి మిగలలేదు, పలుకుతాడా అని అడిగిన వాడి పేరే మిగిలింది. దానిని ఎవరూ చెరిపివేయలేదు. రాముడి గుడిలో, ఆ పేరుతోనే పిలుస్తారు.

కనుక నీవు ఇకమీదట యాత్రకు రానంటే నేను బలవంతం చేయను. వచ్చినా దండం పెట్టమని అడగను. అవ్వ మాత్రం చైత్రంలో ఒంటిమిట్ట కల్యాణానికి, వెన్నెట్లో జరిగే పెళ్ళి కనుక, నీవు తోడుంటే బాగుంటుందని అంటున్నది. ఆమె అన్న మాటను ఈసారి దాచకుండా చెప్పాను. నీకు పరీక్షలుంటే ఆమెకు నీవే ఫోన్ చేసి చెప్పు, కోపం చేసుకోదు.

నోటు పుస్తకాన్ని అట్ట వేసి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. మరే పేజీ తిప్పలేదు. నీ ప్రశ్న కింద ఏదో ఒకటి వ్రాయాలని పెన్ను తీసి, మళ్ళీ పెట్టేశాను. నంద్యాలలో నాతో పనిచేసిన కాలువ లస్కరుకు ఫోన్ చేసి, మే నెలలో రెండు రోజులు పని ఉందని చెప్పాను. సెలవు కాగితం కూడా వ్రాసి పెట్టుకున్నాను. గేజీ కర్ర నేను తెస్తాను. కోనేటి లోపల కొలవడానికి దేవస్థానం వాళ్ళ అనుమతి కావాలి, అది నేను మాట్లాడతాను. లెక్క వ్రాసుకోవడానికి ఈ పుస్తకమే తీసుకురా, బొమ్మ పక్కన ఇంకా చోటు ఉన్నది.

ఇట్లు,
నాయన